సైకిలెక్కి సెలవుకెళ్ళాం!

ఏడుగురు ఆడవాళ్ళు, మూడు రోజులు, తొంభై కిలోమీటర్లు... తార్నాక నుంచి పోచంపల్లి దాకా

సెలవులంటే పిల్లలకు బడి ఉండదు. మగవాళ్ళకు ఆఫీసు ఉండదు. మరి మనకో? ఆ నాలుగు రోజులూ పొయ్యిమీద ఇంకో రెండు గిన్నెలు ఎక్కువ పడతాయి. తీర్థయాత్రకెళ్ళినా అంతే. పులిహోర కలిపేది మనం, బట్టలు సర్దేది మనం, ఎవరికి ఏ వేళకి ఏ మాత్ర వెయ్యాలో గుర్తుపెట్టుకునేది మనం. ఊరు మారుతుంది గానీ పని మారదు.

అందుకే పక్కింటి నర్సమ్మ "సైకిళ్ళమీద టూరు వెళ్దామా?" అని అడిగినప్పుడు మా తార్నాక వీధిలో అందరూ నవ్వారు. వెంట ఒక గైడు, వెనకాల ఒక వ్యాను, గుట్టలూ కోటలూ పాత ఊళ్ళూ చూసుకుంటూ సైకిలు తొక్కుకుంటూ వెళ్ళడం! పై దేశాల్లో ఇది మామూలే. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండలమీద ఆల్ప్ ద్యుయెజ్ అనే ఘాట్‌రోడ్డు ఉంది. మొత్తం 21 మలుపులు. ఆ మలుపులు ఎక్కడానికే సెలవు పెట్టుకుని వెళ్ళేవాళ్ళున్నారు. 2022లో మళ్ళీ మొదలైన ఆడవాళ్ళ టూర్ ద ఫ్రాన్స్ పందెం 2024లో ఆ కొండమీదే ముగిసింది.

"అది వాళ్ళకమ్మా, మోకాళ్ళ నొప్పులున్న మనకెందుకూ!" అంటారేమో. మా వదిన కూడా సరిగ్గా ఆ మాటే అంది. ఆవిడకు 58 ఏళ్ళు. షుగరుంది. పెళ్ళికి ముందు ఊళ్ళో తమ్ముడి సైకిలు తొక్కిందట, అంతే. అయినా చివరికి బయల్దేరిన ఏడుగురిలో ఆవిడా ఉంది. ఆవిడా, నేనూ, నర్సమ్మ, రిటైరైన టీచరమ్మ, మా పైవాటా కోడలు, క్యాంపస్ ఆఫీసులో పనిచేసే అక్కాచెల్లెళ్ళిద్దరూ. మా యాత్ర ఎలా సాగిందో చెబితే మీలో కొందరికైనా ధైర్యం వస్తుందని ఇది రాస్తున్నాను.

క్యాంపస్‌లో ఓనమాలు

తార్నాకలో ఉండటం వల్ల మాకో అదృష్టం ఉంది. నాలుగడుగులు వేస్తే ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1918లో మొదలైన ఈ యూనివర్సిటీ ఆవరణ వెయ్యి ఎకరాలకు పైనే. చెట్ల నీడ, వెడల్పయిన రోడ్లు, మిట్టలూ పల్లాలూ. సైకిలు నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచిచోటు నగరంలో వెతికినా దొరకదు. 2002లో హైదరాబాదులో జరిగిన జాతీయ క్రీడల కోసం కట్టిన సైకిల్ పందాల ట్రాకు, వెలోడ్రోమ్ అంటారే, అదీ ఇక్కడే ఉంది.

మాకు నేర్పిన అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. కొండదారుల్లో సైకిల్ యాత్రలు నడపడమే ఆమె పని. రెండు నెలలపాటు ఆదివారం పొద్దున్నే ఆరు గంటలకు ఆర్ట్స్ కాలేజీ ముందు చేరేవాళ్ళం. గులాబీరంగు రాతితో కట్టిన ఆ భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైంది. గీసింది బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్. ఏటా ఎంతమంది దాన్ని ఫోటోలు తీసుకుంటారో! మేం మాత్రం మొదటి నెలంతా దానివంక చూడనే లేదు. చూపంతా ముందు చక్రం మీదే. "ఆంటీ, చక్రాన్ని చూస్తే పడతారు. వెళ్ళాల్సిన చోటుని చూడండి" అని ఆ అమ్మాయి వంద సార్లు చెప్పి ఉంటుంది.

మొదటి పాఠం తొక్కడం కాదు, సీటు ఎత్తు. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దానిమీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి. అదే సరైన ఎత్తు. మనలో చాలామంది భయంకొద్దీ సీటు దించేసుకుంటాం. అప్పుడు మోకాలు ఎక్కువగా ముడుచుకుని నొప్పి చేస్తుంది. సీటు రెండంగుళాలు లేపేసరికి మా వదిన "ఇదేంటే, మోకాలు పట్టెయ్యడం లేదు!" అని ఆశ్చర్యపోయింది.

రెండో పాఠం గేర్లు. మిట్ట ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చాక గేరు మార్చడం కాదు, మిట్ట మొదలవకముందే తేలిక గేరులోకి రావాలి. కాళ్ళు వేగంగా తిరుగుతాయి, సైకిలు నెమ్మదిగా పోతుంది. అదే మోకాలికి మంచిది. మూడోది బ్రేకులు. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే తలకిందులవుతాం. రెండూ కలిపి, పట్టుతూ వదులుతూ దిగాలి.

ఇంకోటి చెప్పాలి, చున్నీ. చక్రంలో చున్నీ చుట్టుకుని జరిగే ప్రమాదాలు ఎన్నో. మేం చున్నీలు ఇంట్లో పెట్టి, పొడుగు కుర్తా, కింద బిగువైన లెగ్గింగు, కుడికాలి అంచుకు ఒక రబ్బరు బ్యాండు వేసుకున్నాం. తలకు హెల్మెట్. మొదట్లో టీచరమ్మకు సిగ్గేసింది. "నా దగ్గర చదువుకున్న పిల్లలు చూస్తే?" అంది. రెండో వారమే ఒకాయన స్కూటరాపి, "నమస్తే టీచర్! భలే తొక్కుతున్నారు" అని వెళ్ళాడు. ఆ రోజునుంచి ఆవిడే అందరికన్నా ముందు.

గుట్ట కింద నిద్రపోతున్న కవయిత్రి

ఆరో వారం గైడమ్మాయి మమ్మల్ని మౌలాలి గుట్ట దాకా తీసుకెళ్ళింది. తార్నాకకు దగ్గరే. పైన దర్గా, కింద ఒక సమాధి తోట. అక్కడున్నది మహలఖా బాయి చందా. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఆవిడ ఉర్దూ కవయిత్రి, నర్తకి. నిజాం దర్బారులో గొప్ప పలుకుబడి ఉండేది. విలువిద్య, ఈటె విసరడం తెలిసిన మనిషి. నిజాం వెంట యుద్ధయాత్రలకు కూడా వెళ్ళింది. నిజాం ఇచ్చిన జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. ఇవాళ మనం సైకిళ్ళు తొక్కే క్యాంపస్ నేలలో కొంత ఆ జాగీరుదేనని చెబుతారు.

రెండువందల ఏళ్ళ కిందట ఒక ఆడది సైన్యంతో పాటు ఊళ్ళు దాటి వెళ్ళింది. మనకేమో పక్క జిల్లాకు మూడు రోజులు వెళ్ళాలంటే ఇంట్లో నలుగురి అనుమతి కావాలి! ఆ మాట అన్నది మా పైవాటా కోడలు. ఎవరం బదులు చెప్పలేదు.

ఇల్లు దాటడమే పెద్ద మిట్ట

నిజంగానే అందరికీ ఇంట్లో ఏదో ఒక అడ్డు ఉంది. పైవాటా కోడలికి అత్తగారు. అక్కాచెల్లెళ్ళకు సెలవు దొరకదు. మా వదినకు మా అన్నయ్య. "ఈ వయసులో రోడ్డు మీద సైకిలా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. వదిన గొడవ పడలేదు. "ఆ నలుగురూ ఎవరో పేర్లు చెప్పండి, నేనే వెళ్ళి అడిగొస్తాను" అంది. అన్నయ్య దగ్గర పేర్లు లేవు.

ఈ "నలుగురూ" అన్నిచోట్లా ఉన్నారు. 1991-92లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా ఆడవాళ్ళకు సైకిలు నేర్పించారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి వెన్నుదన్నుగా నిలిచారు. క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, పొలం కూలీలు, పల్లెల్లో తిరిగే నర్సులు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. వాళ్ళనీ మొదట్లో వెక్కిరించారు. కానీ నీళ్ళు తేవడానికీ, పిల్లల్ని బడికి దింపడానికీ, పంట అమ్ముకోవడానికీ ఎవరి దయా లేకుండా వెళ్ళగలిగాక ఆ వెక్కిరింతలు ఎవరికీ వినపడలేదు. వాళ్ళది బతుకుతెరువు, మాది విహారం. తేడా ఉంది, కాదనను. కానీ గడప దగ్గర అడ్డుపడే మాట మాత్రం ఒక్కటే.

గైడు ఉంటే ఏమిటి లాభం?

డిసెంబరులో ఒక శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరాం. ఉప్పల్ రద్దీలో సైకిళ్ళు వద్దని గైడమ్మాయి వాటిని వ్యానులో ఎక్కించింది. ఘట్‌కేసర్ దాటాక తొక్కడం మొదలుపెట్టాం. అక్కణ్ణుంచి వరంగల్ రోడ్డున బీబీనగర్ మీదుగా భువనగిరికి సుమారు 30 కిలోమీటర్లు.

"రోడ్డు అందరికీ తెలిసిందే కదా, గైడెందుకు? డబ్బు దండగ" అని కొందరన్నారు. ఎందుకో దారిలో తెలిసింది. ముందు గైడు, చివర ఆమె సహాయకుడు, మధ్యలో మేం ఏడుగురం ఒకరి వెనక ఒకరం. రోడ్డుకు ఎడమ అంచున, పక్కపక్కన కాకుండా. గుంట వస్తే ముందున్నవాళ్ళు చెయ్యి కిందికి చూపిస్తారు, వెనకవాళ్ళందరూ వరసగా చూపిస్తారు. ఆగాలంటే చెయ్యెత్తుతారు. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి రెండు గుక్కల నీళ్ళు. టీచరమ్మ సైకిలు పంక్చరైతే పావుగంటలో ట్యూబు మార్చేశారు. బైకుల మీద ఇద్దరు కుర్రాళ్ళు పక్కన చేరి కూతలు కూస్తే, గైడమ్మాయి అందర్నీ ఆపేసి, వ్యానుని పక్కకు రమ్మని, వాళ్ళ నంబరు ప్లేటును తాపీగా ఫోటో తీసింది. వాళ్ళు మళ్ళీ కనిపించలేదు.

భువనగిరి గుట్టమీద

మైళ్ళ దూరం నుంచే కనిపిస్తుంది భువనగిరి. ఒకే ఒక్క పెద్ద బండ. దానిమీద కోట. 1076 నుంచి 1126 దాకా ఏలిన పశ్చిమ చాళుక్యరాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడి పేరుమీద త్రిభువనగిరి, అదే భువనగిరి అయింది. తర్వాత కాకతీయుల చేతికొచ్చింది. 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాకు ఇదే కేంద్రం.

సైకిళ్ళు కింద పెట్టి, రాతిలో చెక్కిన మెట్లమీద నడిచి ఎక్కాం. ఇక్కడే మాలావత్ పూర్ణ కొండలెక్కడంలో శిక్షణ పొందింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకునే ఆ గిరిజన బాలిక 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ బండమీద చెయ్యి వేసి నిలబడితే మన ఆయాసం మనకే చిన్నదనిపిస్తుంది.

పైనుంచి చూస్తే చెరువులూ, పొలాలూ, మేం వచ్చిన రోడ్డూ దారంలా కనిపించాయి. "అంత దూరం మనమే తొక్కామా?" అని అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి అన్నారు.

ఆ రాత్రే వచ్చింది అసలు పరీక్ష. అన్నయ్య ఫోను. మనవడికి జ్వరం, పిల్లాడి తల్లిదండ్రులు ఊళ్ళో లేరు, "వచ్చెయ్" అన్నాడు. వ్యాను సిద్ధంగా ఉందని, గంటన్నరలో దింపేస్తానని గైడమ్మాయి చెప్పింది. వదిన మంచమ్మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను తీసి, "జ్వరమెంతుంది?" అని అడిగింది. థర్మామీటరెక్కడుందో అన్నయ్యకు తెలియదు. చెప్పింది. "నూటొకటి" అన్నాడు. పిల్లాడు నీళ్ళు తాగుతున్నాడా, మూత్రం పోస్తున్నాడా, ఆడుతున్నాడా అని నర్సమ్మ పక్కనుంచి అడిగించింది. డాక్టరు రాసిచ్చిన చీటీ ఏ డబ్బాలో ఉందో, సిరప్పు ఎంత వెయ్యాలో వదిన చెప్పింది. "తగ్గకపోతే ఎంత రాత్రయినా ఫోను చెయ్యండి, వచ్చేస్తా. పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నేను ఆదివారం సాయంత్రం వస్తాను" అని ఫోను పెట్టేసింది.

ఆ రాత్రి ఆవిడ నిద్రపోలేదు. నాకు తెలుసు, పక్కమంచం నాదే కాబట్టి. వెళ్ళిపోతే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఉండిపోవడమే కష్టం.

ఆలేరు దారి, కొలనుపాక

మర్నాడు ఆలేరు మీదుగా కొలనుపాకకు సుమారు 30 కిలోమీటర్లు. వదిన మొదటి పది కిలోమీటర్లు ఎవరితోనూ మాట్లాడకుండా తొక్కింది. టీ కోసం ఆగినచోట అన్నయ్య ఫోను చేశాడు. డాక్టరు చూశాడట, మామూలు వైరల్ జ్వరమట, ఇడ్లీ తిన్నాడట. "ఇడ్లీ ఎవరు పెట్టారు?" అంది వదిన. "నేనే" అన్నాడట అన్నయ్య, గొప్పగా. ఆ తర్వాత ఆవిడ్ని ఆపడం మావల్ల కాలేదు.

ఆలేరు మండలంలో శారాజిపేట అనే ఊరుంది. చింతకింది మల్లేశం సొంతూరు. చీర నేసేముందు నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోస్తారు. ఒక చివర ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. ఒక్క చీరకు చెయ్యి అటూ ఇటూ వేల సార్లు తిరగాలి. ఇళ్ళల్లో ఆ పని ఆడవాళ్ళదే. అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక మల్లేశం ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసుయంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మనం కట్టుకునే చీర వెనక ఎన్ని భుజాలు అరిగిపోయాయో మనకెప్పుడైనా తట్టిందా?

కొలనుపాక చిన్న ఊరే. చరిత్ర మాత్రం పెద్దది. ఒకప్పుడు జైనులకు గొప్ప కేంద్రం. అక్కడి జైన మందిరంలో ఒకే పచ్చరాతితో మలచిన మహావీరుడి విగ్రహం ఉంది. ఊళ్ళోనే సోమేశ్వరాలయం, వీరశైవులకు పవిత్రక్షేత్రం. అక్కడ పాత శిల్పాలన్నీ చేర్చిపెట్టారు. కారులో వస్తే గంటలో చూసేసి వెళ్ళిపోతాం. సైకిలు మీద వచ్చినవాళ్ళకు ఆ తొందర ఉండదు. వేపచెట్టు కింద కూర్చున్న ముసలమ్మ మమ్మల్ని చూసి, "ఎక్కడికెళ్ళి వచ్చిన్రు బిడ్డా? ఇంత దూరం తొక్కుకుంటనే వచ్చిన్రా?" అని మా కాళ్ళు పట్టి చూసింది.

పోచంపల్లిలో ఆదివారం

సాయంత్రం వ్యానులో భువనగిరి తిరిగొచ్చి, మూడోరోజు బీబీనగర్ దగ్గర పోచంపల్లి దారి పట్టాం. అన్నిటికన్నా హాయైన దారి ఇదే. లారీలు తక్కువ, పొలాలు ఎక్కువ.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరొచ్చినప్పుడు దళితులు భూమి అడిగారు. ఊళ్ళోని వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానోద్యమం అలా మొదలైంది, ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. వినోబా వచ్చింది కాలినడకనే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పోచంపల్లి ఒకటి.

మగ్గాల చప్పుడు వినిపించే వీధుల్లో సైకిళ్ళు నడిపించుకుంటూ తిరిగాం. నూలు పోగుల్ని ముందే ముడులు కట్టి రంగులో ముంచుతారు. నేసేటప్పుడు ఆ రంగులు సరిగ్గా కలిసి పువ్వో చిలుకో అవుతుంది. ఒక్క పోగు జరిగినా చిలుక ముక్కు వంకరపోతుంది. చీరలు కొనకుండా ఎవరొస్తారు చెప్పండి? సైకిలు కేరియర్‌కు కట్టుకున్నాం. వదిన మాత్రం అన్నయ్యకో చొక్కా గుడ్డ కొంది. "ఇడ్లీ పెట్టినందుకు" అంది.

ఇప్పుడు అన్నయ్యకు థర్మామీటరు ఎక్కడుందో తెలుసు, చీటీ ఎక్కడుందో తెలుసు. వదినకు షుగరు పోలేదు, మోకాలు కొత్తది కాలేదు. ఆదివారాలు మాత్రం ఆవిడవే.

మీరూ వెళ్ళాలనుకుంటే...

* కనీసం రెండు నెలలు వారానికి మూడుసార్లు తొక్కండి. మొదట 5 కిలోమీటర్లు, ఆపైన మెల్లగా 25 దాకా. మిట్టలున్న దారి ఎంచుకోండి.

* షుగరు, బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగాలి. షుగరు మందులు వాడేవాళ్ళు జేబులో గ్లూకోజు ఉంచుకోవాలి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం అనిపిస్తే వెంటనే ఆగి నోట్లో వేసుకోవాలి.

* తినడానికి అరటిపండు, పల్లీపట్టీ, అటుకులు, ఉప్పు వేసిన మజ్జిగ చాలు. కడుపునిండా పూరీలు తిని మిట్ట ఎక్కలేరు.

* గైడును ఎంచుకునేటప్పుడు అడగండి: వెనక వ్యాను ఉంటుందా? ప్రథమ చికిత్స తెలుసా? దారిలో మరుగుదొడ్లు ఎక్కడెక్కడ? ఆఖరి ప్రశ్నకు ఠక్కున జవాబు చెప్పారంటే వాళ్ళకు ఆడవాళ్ళతో వెళ్ళిన అనుభవం ఉన్నట్టే.

* గేర్ల సైకిలు కొననక్కర్లేదు, అద్దెకు దొరుకుతుంది. హెల్మెట్ మాత్రం సొంతంగా కొనుక్కోండి. మా ఖర్చంతా కలిపి మనిషికి ఒక మాదిరి పట్టుచీరంత అయింది.

* నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలం వద్దేవద్దు.

* వెళ్ళేముందు ఇంట్లో మందుల డబ్బా, డాక్టరు నంబరు, గ్యాసు బుక్కు ఎక్కడున్నాయో కాగితమ్మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. అన్నిటికన్నా ముఖ్యమైన సామాను ఇదే.

వచ్చేసారి వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలకు వెళ్దామంటోంది టీచరమ్మ, మూసీ పుట్టేచోటికి. అరకు ఘాట్‌రోడ్డు అంటోంది పైవాటా కోడలు. తగువు ఇంకా తేలలేదు. మీ ఇంట్లో మూలనపడి ఉన్న సైకిలు ఉంటే ముందు గాలి కొట్టించండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు.